కాంతి చికిత్స – జన్యువుల సాక్ష్యం

పిఠాపురం నుంచి సముద్రపు దిక్కుగా సాగిపోతే కొత్తపల్లి, ఉప్పాడ గ్రామాలు వస్తాయి. ఈ ప్రాంతంలో నేసే జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. జాందానీ మగ్గంమీద సాధారణంగా ఇద్దరు నేతగాళ్ళు పక్కపక్కన కూర్చుంటారు. పడుగు దారాల నడుమ చిన్న చిన్న కండెలతో పువ్వును, ఆకును, లతను పోగు పోగుగా కూరుస్తారు. ఒక చీర పూర్తికావడానికి వారాలు, పనితనాన్ని బట్టి నెలలు పడుతుంది. ఇద్దరిలో ఒకరు లేచిపోతే రెండవవాని చెయ్యి కూడా ఆగిపోతుంది.

అటువంటి నేతగాడొకనికి మోచేతులమీద, మోకాళ్ళమీద ఎర్రని మందపాటి మచ్చలు లేచి, వాటిపైనుంచి వెండిరేకులవంటి పొలుసులు రాలడం మొదలైందనుకుందాం. మొదట అది తామర అనుకొని అంగడిలో దొరికిన పూతమందు రాస్తాడు. తగ్గదు. కొంతకాలానికి మచ్చలు వీపుకు, తలకు పాకుతాయి. చివరకు చర్మవ్యాధుల వైద్యుని దగ్గరకు వెళితే ఆయన దానిని సోరియాసిస్‌గా గుర్తిస్తాడు. శరీరంలో ఎక్కువ భాగానికి వ్యాపించినందువల్ల పూతమందులు చాలవనీ, కాంతి చికిత్స తీసుకొమ్మనీ సలహా ఇస్తాడు. వారానికి మూడు పర్యాయాలు, పది పన్నెండు వారాలపాటు, నిలువెత్తు దీపాల గదిలో కొద్దిసేపు నిలబడి రావాలి. దీపాల వెలుగులో నిలిచేది నిమిషాలే అయినా, సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కాకినాడకు వెళ్ళి రావడానికి పూట గడిచిపోతుంది. ముప్పై పూటల కూలి పోతుంది. తోటివాని కూలీ పోతుంది. ఇంత చేసిన తరువాత వ్యాధి తగ్గితే ఆ శ్రమ ఫలించినట్లే. తగ్గకపోతే?

ఒకే దీపాల కింద, ఒకే మోతాదులో నిలబడిన ఇద్దరు రోగులలో ఒకరి చర్మం రెండు నెలలలో నున్నబడుతుంది. మరొకరిది అంతంతమాత్రంగా మారుతుంది. ఒకరికి తగ్గిన వ్యాధి ఏడాదిదాకా తిరిగిరాదు. మరొకరికి మూడవ నెలలోనే తలయెత్తుతుంది. ఈ భేదాన్ని చికిత్స ప్రారంభించకముందే, ఒక్క రక్తపు చుక్కనో లాలాజలాన్నో పరీక్షించి పసిగట్టవచ్చునా అన్నది నేటి జన్యుశాస్త్రం వేసుకొన్న ప్రశ్న. దానికి సమాధానం వెదకాలంటే ముందు వ్యాధి స్వభావం తెలియాలి.

మనిషి చర్మం నిత్యం తనను తాను కొత్తగా నేసుకొంటూ ఉంటుంది. పైపొర అడుగున పుట్టిన కణం మెల్లమెల్లగా పైకి చేరి, పొట్టుగా మారి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. సోరియాసిస్ మచ్చలో ఈ ప్రయాణం నాలుగైదు రోజులలోనే ముగుస్తుంది. పక్వానికి రాని కణాలు ఒకదానిపై ఒకటి పేరుకొని పొలుసులు కడతాయి. ఈ తొందరకు మూలకారణం చర్మకణం ఒక్కటే కాదు. శరీరాన్ని సూక్ష్మజీవులనుంచి కాపాడవలసిన టి-కణాలు పొరపాటుగా చర్మంలో మోహరించి, వాపు కలిగించే రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ రసాయనాలు చర్మకణాలను ప్రేరేపిస్తాయి. ప్రేరేపితమైన చర్మకణాలు మరిన్ని టి-కణాలను పిలుస్తాయి. ఈ విషవలయం తెగితేనే మచ్చ తగ్గుతుంది.

ఇది అంటువ్యాధి కాదు. కుష్ఠువ్యాధితో దీనికి ఏ సంబంధమూ లేదు. కానీ శతాబ్దాలపాటు ఐరోపాలోను, మన దేశంలోను ఈ రెంటినీ కలగలిపి చూశారు. ఆయుర్వేదం కూడా పొలుసులు రాలే చర్మవ్యాధులను ‘కుష్ఠం’ అన్న విస్తృతమైన వర్గంలోనే చేర్చింది. వియన్నా నగరపు వైద్యుడు హెబ్రా 1841లో ఈ రెండు వ్యాధులను స్పష్టంగా విడదీశాడు. వైద్యశాస్త్రం విడదీసినా లోకం విడదీయలేదు. సోరియాసిస్ ఉన్న పిల్లవాని పక్కన బడిలో కూర్చోవడానికి జంకేవారు, పెళ్ళిసంబంధాలను వదులుకొనేవారు నేటికీ ఉన్నారు. వ్యాధి పెట్టే దురదకంటె ఈ చూపు పెట్టే బాధ ఎక్కువ.

నేతపనివంటి వృత్తులలో ఉన్నవారికి మరొక చిక్కు ఉన్నది. సోరియాసిస్ గల శరీరంలో ఎక్కడ చర్మం గీసుకున్నా, ఒరుసుకున్నా అక్కడ కొత్త మచ్చ లేవవచ్చు. పంతొమ్మిదవ శతాబ్దంలో దీనిని గమనించిన జర్మన్ వైద్యుడు కోబ్నర్ పేరుతోనే ఈ లక్షణం వ్యవహారంలో ఉన్నది. మగ్గపు కర్రకు రోజంతా ఒరుసుకొనే మోచేతులు, గుంట అంచుకు తగిలే మోకాళ్ళు ఈ వ్యాధికి అనువైన తావులు.

వెలుతురు చర్మవ్యాధులకు మందన్న భావన కొత్తది కాదు. మయూరకవి సూర్యశతకం రచించి చర్మవ్యాధినుంచి విముక్తుడయ్యాడన్న ఐతిహ్యం సంస్కృత సాహిత్య లోకంలో ప్రసిద్ధం. శ్రీకాకుళం సమీపంలోని అరసవల్లి సూర్యదేవాలయానికి నేటికీ చర్మవ్యాధులున్నవారు మొక్కుకొని వెళుతుంటారు. పిఠాపురం సంస్థానాధీశుని పేరులో సైతం సూర్యుడున్నాడు. ఆ సూర్యరాయ మహారాజు పేరనే తెలుగువారి పెద్ద నిఘంటువు వెలిసింది. విశ్వాసాలు అటుంచితే, ఆయుర్వేద వైద్యులు ఒక స్పష్టమైన ప్రయోగాన్ని ఎరుగుదురు. బావంచాల గింజలను నూరి బొల్లిమచ్చలకు పట్టించి, ఆ మచ్చలను ఎండకు చూపేవారు. 1933లో భారతీయ రసాయన శాస్త్రజ్ఞులు ఆ గింజలనుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. ఆ మొక్క శాస్త్రీయనామాన్ని అనుసరించి దానికి సోరాలెన్ అన్న పేరు వచ్చింది. చర్మాన్ని కాంతికి అమితంగా స్పందించేటట్లు చేయడం దాని గుణం.

పాశ్చాత్య దేశాలలో డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ కాంతితో చర్మక్షయను నయంచేసి 1903లో నోబెల్ బహుమతి పొందాడు. 1925లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన గెకర్మన్ సోరియాసిస్ రోగులకు తారు పూసి, అతినీలలోహిత కిరణాలు సోకేటట్లు చేసి మంచి ఫలితాలు సాధించాడు. 1974లో హార్వర్డ్ వైద్యులు సోరాలెన్ జాతికి చెందిన మందును రోగిచేత మింగించి, తరువాత దీర్ఘతరంగపు అతినీలలోహిత కిరణాలను ప్రసరింపజేసే పద్ధతిని ప్రకటించారు. ‘పువా’ అన్న పొట్టిపేరుతో అది ప్రపంచమంతటా వ్యాపించింది. దీపాలు అందుబాటులో లేనిచోట్ల మన దేశపు వైద్యులు మందు ఇచ్చి, నిర్ణీత సమయంపాటు ఎండలో నిలబెట్టే ‘పువాసోల్’ పద్ధతిని అనుసరించారు. బావంచాల వైద్యానికి అది ఆధునిక రూపమే. అయితే వైద్యుని పర్యవేక్షణ లేకుండా బావంచాలు రాసుకొని ఎండలో నిలబడినవారికి బొబ్బలెక్కి చర్మం కాలిన సంఘటనలు తక్కువేమీ కావు.

ఎండ ఉచితంగా లభిస్తుండగా దీపాల గదికి పోవడమెందుకన్న సందేహం సహజం. ఉప్పాడ తీరంలో ఎండకు కొదవ లేదు. కానీ సూర్యకాంతిలో అనేక తరంగదైర్ఘ్యాల కిరణాలు కలిసి ఉంటాయి; వ్యాధిని తగ్గించేవి వాటిలో స్వల్పభాగం. 1981లో పారిష్, యానికే అనే శాస్త్రజ్ఞులు ఏ తరంగదైర్ఘ్యం సోరియాసిస్ మచ్చను కరిగిస్తుందో ఒక్కొక్కటిగా పరీక్షించారు. 296 నానోమీటర్లకు తక్కువగల కిరణాలు చర్మాన్ని కందించాయే గాని మచ్చను తగ్గించలేదు. 300 నుంచి 313 నానోమీటర్ల మధ్యగల కిరణాలు మేలు చేశాయి. ఈ ఫలితం ఆధారంగా 311 నానోమీటర్ల సమీపంలో మాత్రమే వెలిగే దీపాలు తయారై, 1980ల చివరినుంచి ఆసుపత్రులకు చేరాయి. మందు మింగవలసిన పని లేకపోవడంచేత, గర్భిణులకు కూడా ఇవ్వదగినది కావడంచేత, ఈ ‘సన్నకట్టు’ కాంతి చికిత్స చాలాచోట్ల పువాను వెనుకకు నెట్టింది.

ఈ కిరణం చర్మంలో చేసే పని ఏమిటి? కణకేంద్రంలోని డి.ఎన్.ఎ. దానిని పీల్చుకొంటుంది. పీల్చుకొన్నచోట డి.ఎన్.ఎ. పోగులో చిన్న చిన్న ముడులు పడతాయి. ముడులు మరీ ఎక్కువైతే కణం తనకు తానే క్రమబద్ధంగా మరణిస్తుంది. చర్మంలో మోహరించిన టి-కణాలు ఈ విధంగా నశిస్తాయని చాలాకాలంగా తెలుసు. ఇంగ్లాండ్‌లోని న్యూకాసిల్ పరిశోధకులు 2011లో మరొక విశేషాన్ని వెల్లడించారు. మచ్చను తగ్గించే 311 నానోమీటర్ల కాంతిని, తగ్గించలేని 290 నానోమీటర్ల కాంతిని పోల్చి చూడగా, మొదటిది మాత్రమే మచ్చలోని చర్మకణాలను గణనీయంగా మరణింపజేసింది. కాబట్టి కాంతి చికిత్స ఫలించడమన్నది రెండు కణజాతుల మరణంమీదను, ఆ మరణాన్ని శాసించే జన్యువులమీదను ఆధారపడి ఉన్నది.

జన్యువుల పాత్ర వ్యాధి రావడంలోనే మొదలవుతుంది. ఒకే అండంనుంచి పుట్టిన కవలలలో ఒకరికి సోరియాసిస్ వస్తే రెండవవారికీ వచ్చే అవకాశం, వేర్వేరు అండాలనుంచి పుట్టిన కవలలలోకంటె ఎంతో ఎక్కువ. అయితే ఏకాండ కవలలలోనూ అది నూటికి నూరు కాదు. అంటే జన్యువులు విత్తనం మాత్రమే. గొంతునొప్పి కలిగించే సూక్ష్మజీవులు, మానసిక ఒత్తిడి, పొగతాగడం, కొన్ని మందులు దానికి నీరు పోస్తాయి. ఆరవ క్రోమోసోముమీద రోగనిరోధక వ్యవస్థకు చెందిన హెచ్.ఎల్.ఎ.-సి అనే జన్యువు ఉన్నది. దానిలో 06:02 అని సంఖ్య వేసిన రూపం ఈ వ్యాధితో అత్యంత బలమైన సంబంధం కలిగినది. అయినా ఆ రూపమున్న పదిమందిలో ఒకరికి మాత్రమే వ్యాధి వస్తుంది. 2017 నాటికి ఐరోపా సంతతివారిలో వ్యాధికి సంబంధించిన జన్యుస్థానాలు 60కి పైగా తేలాయి.

మనిషి జన్యుసంపుటిలో సుమారు మూడువందల కోట్ల రసాయన అక్షరాలున్నాయి. ఏ ఇద్దరి మధ్యనైనా వాటిలో వెయ్యింటికి ఒకటి చొప్పున తేడా ఉంటుంది. జాందానీ చీరలో ఒక పోగు రంగు మారితే చీర చీరగానే ఉంటుంది. కానీ ఆ పోగు పువ్వు రెక్కలో పడితే పువ్వు మారుతుంది. అక్షరభేదాలలో అధికభాగం ఏ ప్రభావమూ చూపవు. మందును విరిచే ఎంజైములోనో, కాంతిని తట్టుకొనే ప్రొటీనులోనో పడినవి మాత్రం చికిత్స ఫలితాన్ని మార్చగలవు. వాటిని అన్వేషించే శాస్త్రవిభాగమే ఔషధ జన్యుశాస్త్రం.

దీని ప్రాముఖ్యాన్ని గ్రహించడానికి తెలుగువారికి దూరాలు పోనక్కరలేదు. శస్త్రచికిత్స సమయంలో కండరాలు సడలడానికి మత్తువైద్యులు సక్సినిల్‌కోలిన్ అనే మందు వాడతారు. రక్తంలోని ఒక ఎంజైము దానిని కొన్ని నిమిషాలలోనే విరిచివేస్తుంది. ఆ ఎంజైము లోపించినవారిలో మాత్రం మందు ప్రభావం గంటల తరబడి నిలిచి, రోగి తనంతట తాను ఊపిరి పీల్చుకోలేడు. యంత్రం సాయంతో శ్వాస నడపవలసివస్తుంది. వైశ్య సమాజానికి చెందినవారిలో ఈ లోపం ఇతరులలోకంటె ఎంతో ఎక్కువగా ఉందని మత్తువైద్యులు చాలాకాలంగా గమనిస్తూ వచ్చారు. దానికి కారణమైన జన్యుభేదాన్ని వివరించే పరిశోధన 2006లో వెలువడింది. తరతరాలుగా ఒక సమూహంలోనే వివాహాలు జరగడంవల్ల కొద్దిమంది పూర్వికుల జన్యుభేదాలు సంతతిలో ఎలా సాంద్రమవుతాయో, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, విదేశీ సహచరులు కలిసి 2017లో ప్రకటించిన అధ్యయనం ఇదే ఉదాహరణతో చూపింది. ఇది ఎవరికీ చిన్నతనం కాదు. ముందుగా తెలిస్తే మత్తువైద్యుడు మరొక మందును ఎంచుకొంటాడు, ప్రాణాపాయం తప్పుతుంది. జన్యువును అడిగి మందును నిర్ణయించడమంటే ఇదే.

సోరియాసిస్ చికిత్సలో ఇటువంటి ప్రయత్నం మొదట మందుల విషయంలో ఫలించింది. ఇక్కడ గోదావరి సీమకు చెందిన ఒక మహనీయుని ప్రస్తావన అనివార్యం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాకు వెళ్ళి, లెడర్లే సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఆమ్లం పనిని అడ్డగించే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులూ ఆ కృషినుంచే వచ్చాయి. అవి మొదట పిల్లల రక్తక్యాన్సర్‌కు ఉద్దేశించినవి. సుబ్బారావు 1948లో మరణించాడు. మూడేళ్ళ తరువాత, 1951లో, కీళ్ళవాతానికి అమినాప్టెరిన్ ఇచ్చిన గబ్నర్ అనే అమెరికన్ వైద్యుడు, రోగి ఒంటిమీది సోరియాసిస్ మచ్చలు కూడా మాయం కావడం చూశాడు. అమినాప్టెరిన్ స్థానంలోకి వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ సోరియాసిస్‌కు వాడే ప్రధానమైన మందులలో ఒకటి. తన పేరు తెలియని లక్షలాది రోగుల చర్మంమీద ఆ భీమవరం బిడ్డ చేసిన మేలు ఉన్నదంటే తప్పు కాదు.

ఆ మెథోట్రెక్సేట్ అందరికీ ఒకే విధంగా పనిచేయదు. పుదుచ్చేరిలోని జిప్‌మర్ పరిశోధకులు దక్షిణభారత తమిళ రోగులపై జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మందుకు చక్కగా స్పందించినవారికీ, స్పందించనివారికీ మధ్య పైన చెప్పిన హెచ్.ఎల్.ఎ. జన్యురూపంలో తేడా కనిపించింది. బ్రిటన్ పరిశోధకులు 2019లో ఖరీదైన రెండు ఇంజెక్షన్ మందులను పోల్చారు. ఆ జన్యురూపం లేనివారికి, ఉస్టెకినుమాబ్‌కంటె అడలిముమాబ్ మేలు చేసే అవకాశం ఎక్కువని తేల్చారు.

కాంతి చికిత్స విషయం ఇంతకంటె జటిలం. మందునైతే తూచి ఇవ్వవచ్చు. కాంతిని కూడా కొలవవచ్చు గాని, అది చర్మంలోపలికి ఎంత చేరుతుందో రంగునుబట్టి, మందాన్నిబట్టి మారుతుంది. నల్లని చర్మం కాంతిని కొంతవరకు అడ్డగిస్తుంది కనుక, తెల్లవారి చర్మానికి నిర్ణయించిన మోతాదులు మన దేశంలో యథాతథంగా సరిపోవు. అందువల్ల ఏ దేశంలోనైనా వైద్యులు స్వల్ప మోతాదుతో ప్రారంభించి, చర్మం కందకుండా చూసుకొంటూ క్రమంగా పెంచుతారు.

స్కాట్లాండ్‌లోని డండీ నగరం కాంతికి స్పందించే చర్మవ్యాధుల పరిశోధనకు పేరుపొందిన కేంద్రం. అక్కడి శాస్త్రజ్ఞులు పువా చికిత్స పొందినవారి జన్యువులను పరిశీలించి, 2012లో తమ ఫలితాలను ప్రచురించారు. గ్లూటాథయోన్-ఎస్-ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైముల కుటుంబం శరీరంలోకి వచ్చిన విజాతీయ రసాయనాలను నిర్వీర్యం చేస్తుంది. ఆక్సిజన్ విషాలనుంచి కణాన్ని కాపాడుతుంది. వాటిలో ఎం-1 అనే ఎంజైముకు చెందిన జన్యువు కొందరిలో పూర్తిగా లోపించి ఉంటుంది. తల్లినుంచీ తండ్రినుంచీ ఆ లోపమే సంక్రమించినవారి చర్మం తక్కువ మోతాదు కాంతికే కందిపోయిందని ఆ అధ్యయనం చూపింది. దీపం వెలిగించకముందే ఈ సంగతి తెలిస్తే అట్టివారికి మోతాదు తగ్గించి ఆరంభించవచ్చు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. ఐరోపా ప్రజలలో ఆ జన్యువు లోపించినవారు సుమారు సగంమంది. భారతీయులలో ఆ సంఖ్య అంతకంటె తక్కువ. కాబట్టి అక్కడ తయారైన పరీక్షను ఇక్కడికి తెచ్చి అదే అంచనాతో వాడితే లెక్క తప్పుతుంది. తూకపురాళ్ళు మారినప్పుడు తక్కెడ ఒక్కటే సరిగా ఉండి ప్రయోజనం లేదు.

సన్నకట్టు కాంతి చికిత్స విషయంలో ఐర్లాండ్ పరిశోధకులు విటమిన్ డి వైపు దృష్టి సారించారు. ఇది ఊరకే వచ్చిన ఊహ కాదు. చర్మం విటమిన్ డి తయారుచేసుకొనేది ఈ జాతి అతినీలలోహిత కిరణాలతోనే. విటమిన్ డి జాతికి చెందిన పూతమందులు సోరియాసిస్‌కు వాడుకలో ఉన్నవే. ఆ విటమిన్ కణంలో పనిచేయాలంటే దానిని అందుకొనే గ్రాహక ప్రొటీను కావాలి. ఆ ప్రొటీను జన్యువులో మనిషికీ మనిషికీ భేదాలున్నాయి. 2010లో ప్రచురితమైన వారి అధ్యయనం ప్రకారం, ఆ భేదాలలో ‘టాక్-1’ అని వ్యవహరించే ఒకటి, చికిత్స తరువాత వ్యాధి ఎంతకాలం తిరిగిరాకుండా ఉంటుందన్న విషయంతో ముడిపడి ఉన్నది. నేతగాని దృష్టితో చూస్తే ఇది చిన్న విషయం కాదు. ముప్పై పూటలు పోగొట్టుకొని కొన్నది మూడు నెలల నెమ్మదా, ఏడాది నెమ్మదా అన్నదే అతనికి కావలసిన లెక్క.

అయితే ఈ రెండు అధ్యయనాలలోనూ పాల్గొన్న రోగుల సంఖ్య పరిమితం. ఒకచోట కనిపించిన సంబంధం వేరొకచోట, వేరొక జాతిలో, మరింతమంది రోగులలో మళ్ళీ కనిపిస్తేనే శాస్త్రం దానిని అంగీకరిస్తుంది. కాంతి చికిత్సకు ఎవరు స్పందిస్తారో ఖాయంగా చెప్పే జన్యుపరీక్ష ఏదీ ఆసుపత్రుల నిత్యవ్యవహారంలోకి ఇంకా ప్రవేశించలేదు. అట్టి పరీక్ష తమ దగ్గర ఉందని ఎవరైనా ప్రకటనలు వేస్తే నమ్మరాదు. ఒక్కొక్క జన్యువు ఫలితాన్ని కొద్దిగా మాత్రమే అటూ ఇటూ జరపగలదు; అనేక జన్యువుల బలాబలాలను, రోగి బరువును, అలవాట్లను కలిపి లెక్కగట్టితే తప్ప జోస్యం చెప్పదగినంత స్పష్టత రాదు.

ఆ లెక్కకు కావలసిన ముడిసరుకు మన దేశంలో ఇటీవలే సమకూరుతున్నది. భారత ప్రభుత్వ జీవసాంకేతిక విభాగం 2020లో ప్రారంభించిన జీనోమ్ ఇండియా పథకం క్రింద, సి.సి.ఎం.బి.తో సహా అనేక సంస్థలు కలిసి దేశంలోని వివిధ జనసమూహాలకు చెందిన 10,000 మంది జన్యుసంపుటులను చదివాయి. 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అది ఆరోగ్యవంతుల జన్యుపటం. ఏ భేదం మనవారిలో ఎంతమందికి ఉన్నదో దానివల్ల తెలుస్తుంది. దీపాల గదిలో నిలబడిన మన రోగులలో ఎవరికి తగ్గింది, ఎవరికి తగ్గలేదు, ఎంతకాలానికి తిరగబెట్టింది అన్న వివరాలను ఆసుపత్రులు ఓపికగా నమోదుచేసి దీనికి జోడించవలసి ఉన్నది. యంత్రం చదివే అక్షరాలకంటె ఈ చేతిరాత నమోదులే కష్టసాధ్యం. రోగి జన్యుసమాచారం గోప్యంగా ఉండాలన్నది ఇందులో విడదీయరాని షరతు. జన్యువులు ఒక్కరివి కావు; ఒకరి పరీక్ష అన్నదమ్ముల, బిడ్డల సంగతి కూడా బయటపెడుతుంది.

జన్యుపరీక్ష చేతికి వచ్చేవరకు వైద్యులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. న్యూకాసిల్ శాస్త్రజ్ఞులు 2022లో చర్మపు నడవడిని గణితనమూనాగా మలచి, చికిత్సలోని మొదటి మూడు వారాలలో మచ్చలు తగ్గే తీరునుబట్టి తుది ఫలితాన్ని అంచనా వేయవచ్చునని చూపారు. దూరాభారం తగ్గించే మార్గం కూడా కనబడుతున్నది. చిన్న దీపపు పరికరాన్ని రోగి ఇంటికే ఇచ్చి, వైద్యుని సూచనల ప్రకారం వాడించే పద్ధతి ఆసుపత్రి చికిత్సకు తీసిపోదని 2009లో నెదర్లాండ్స్‌లోను, 2024లో అమెరికాలోను ప్రచురితమైన అధ్యయనాలు నిరూపించాయి. అటువంటి పరికరం ఒక చేనేత కుటుంబానికి అందుబాటు ధరలో ఉండాలన్నది వేరే సమస్య. ఒక సహకార సంఘం కొని వంతులవారీగా ఇవ్వగలదేమో ఆలోచించదగినదే.

పిఠాపురం నేతగాడు కాకినాడకు బయలుదేరేటప్పుడు వైద్యుడు అతని జన్యువులను చదవలేడు గాని, అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా ఈ వ్యాధి ఉన్నదా, ఏ వయస్సులో వచ్చింది, పొగ తాగుతాడా, కీళ్ళనొప్పులున్నాయా, ఎండకు చర్మం త్వరగా కందుతుందా, వేరే ఏ మందులు వాడుతున్నాడు? ఈ ప్రశ్నలకు సమాధానాలు రాసుకొని, మోచేతుల, మోకాళ్ళ, వీపు ఛాయాచిత్రాలు తీసి, కళ్ళకు నల్లద్దాలు తొడిగి మొదటి మోతాదు ఇస్తారు. మూడు వారాలకు తొమ్మిది పర్యాయాలు పూర్తవుతాయి. అప్పుడు మళ్ళీ అవే తావుల ఛాయాచిత్రాలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తారు. పొలుసులు పలుచబడి, మచ్చ అంచులు చదునైతే చికిత్స కొనసాగుతుంది. లేకుంటే మిగిలిన ఇరవై పూటలను మగ్గానికే వదిలి, సుబ్బారావు కృషినుంచి వచ్చిన ఆ మాత్రలను వారానికొకసారి, రక్తపరీక్షలు చేయించుకొంటూ, ప్రారంభించే విషయం మాట్లాడుకొంటారు.